లేబర్ డే లోపు పన్నెండు లేన్లు: మా బౌలింగ్ సెంటర్ డైరీ

మార్చి

డెట్రాయిట్‌కి దక్షిణంగా నది వెంబడి వరసగా ఉన్న చిన్న ఊళ్ళన్నిటినీ కలిపి ఇక్కడ డౌన్‌రివర్ అంటారు. స్టీలు మిల్లులు, కార్ల ప్లాంట్లు, వాటిలో షిఫ్టులు చేసినవాళ్ళ ఇళ్ళు. అలాంటి ఒక ఊళ్ళో రెండు చలికాలాలుగా మూతపడి ఉన్న పన్నెండు లేన్ల (బంతి దొర్లించే బాటలు) బౌలింగ్ సెంటర్‌ని మా బావా నేనూ కలిసి కొన్నాం. తాళాలు నిన్న చేతికొచ్చాయి. నేను కార్ల విడిభాగాల కంపెనీలో కంట్రోల్స్ ఇంజనీర్ని, బావకి గ్యాస్ స్టేషన్లు నడిపిన అనుభవం ఉంది. అంటే ఒకడికి మెషీన్లు తెలుసు, ఇంకొకడికి లెక్కలు తెలుసు, బౌలింగ్ మాత్రం ఇద్దరికీ అంతంతమాత్రమే.

ఇంట్లో అందరూ అడిగింది ఒకటే. ఈ రోజుల్లో బౌలింగ్ ఎవరాడతారు? హైదరాబాద్‌లో బౌలింగంటే మాల్‌లో సినిమాకి ముందు టైంపాస్, అక్కడ ఆ ప్రశ్న న్యాయమే. ఇక్కడ పేటల్లో ఉండే సెంటర్లు బతికేది లీగ్ మీద. లీగ్ అంటే వారంలో ఒక రాత్రి, అదే టైముకి, అవే టీములు వచ్చి తలా మూడు గేములు ఆడటం. సెప్టెంబర్‌లో మొదలైతే ఏప్రిల్ దాకా, ముప్పై వారాలకి పైమాటే. టీముకి నలుగురు, జత లేన్ల మీద రెండు టీములు. మాకు ఆరు జతలున్నాయి కాబట్టి ఒక రాత్రి నిండితే పన్నెండు టీములు, నలభై ఎనిమిది మంది. మంచు పడ్డా వస్తారు, ఎందుకంటే రాకపోయినా టీము డబ్బు కట్టాలి. ఇలాంటి రాత్రులు వారానికి నాలుగు దొరికితే బిల్డింగు ఖర్చులు గట్టెక్కుతాయి, వీకెండ్ పుట్టినరోజు పార్టీల్లో వచ్చేది పైమిగులు. బావ మాత్రం ఎక్సెల్‌లో దీన్ని తిరగేసి రాసుకున్నాడు, పార్టీలు అసలు, లీగ్ కొసరు. ఈ తగాదా డైరీ పొడుగునా నడుస్తుంది, ముందే చెప్పేస్తున్నా.

లీగులు మొదలయ్యేది లేబర్ డే అయ్యాక, అంటే సెప్టెంబర్ మొదటి సోమవారం దాటాక. ఆ వారానికి మేం తెరవకపోతే టీములు ఇంకో సెంటర్లో చేరిపోతాయి, ఒకసారి చేరాక మళ్ళీ వేసవి దాకా కదలరు. పక్కనే ఎలెన్ పార్క్‌లో థండర్‌బౌల్ ఉంది, తొంభై దాకా లేన్లు, ప్రొఫెషనల్ టోర్నమెంట్లు జరిగే చోటు. దానితో పోటీ పడే ఉద్దేశం లేదు, అక్కడ నలభై టీముల మధ్య తప్పిపోయినట్టనిపించే చిన్న లీగులు మాకు చాలు.

బిల్డింగు 1950ల చివర్లో కట్టింది. సిమెంటు దిమ్మెల గోడలు, చదును పైకప్పు, కిటికీల్లేవు. హీటింగ్ ఆపేసి వదిలేయడంతో మిషిగన్ చలికి బాత్రూం పైపులు చిట్లిపోయాయి. ఒకటో నంబరు, రెండో నంబరు లేన్ల మీద కప్పు కారి చెక్క నల్లబడింది. వెనక బ్రన్స్‌విక్ కంపెనీ ఏ-2 పిన్‌సెట్టర్లు, అంటే బంతికి పడిన పిన్‌లని మళ్ళీ నిలబెట్టే మెషీన్లు, పన్నెండూ ఉన్నాయి, ఎన్ని తిరుగుతాయో కరెంటు ఇస్తేగానీ తెలీదు. కౌంటర్ వెనక షూలు సైజులవారీగా గూళ్ళలో అలాగే ఉన్నాయి, తోలంతా బిగుసుకుపోయింది.

ఏప్రిల్

పైకప్పు గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు. చాలా డబ్బు పోయింది, వాన లోపలికి రావట్లేదు. ఒక కాంట్రాక్టరు పాత పొర మీదే కొత్త రబ్బరు పొర పరిచేస్తా, చవగ్గా అయిపోతుందన్నాడు, కింద ఇన్సులేషన్ తడిసిందో లేదో చూడకుండానే. అక్కడక్కడా కోసి చూపించమంటే మళ్ళీ ఫోన్ ఎత్తలేదు. ఇంకొకర్ని పెట్టి తడి ఉన్న మేరా పీకించి కొత్తది వేయించాం.

నేల సంగతి కొంచెం వివరంగా రాయాలి, ఎందుకంటే పాత బిల్డింగు కొనే మనవాళ్ళు చాలామంది ఇక్కడే బుక్కవుతారు. కార్పెట్ లేపితే కింద తొమ్మిది అంగుళాల చదరపు పలకలు బయటపడ్డాయి. 1980కి ముందు బిల్డింగులో ఆ సైజు పలక కనబడితే చెయ్యి వెనక్కి తీసుకోవాలి. పలకలోనో, దాన్నంటించిన నల్ల జిగురులోనో ఊపిరితిత్తులకి ప్రమాదమైన ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం చాలా ఎక్కువ. కమర్షియల్ బిల్డింగులో పీకుడు పని మొదలుపెట్టే ముందు సర్వే చేయించడం ఎలాగూ రూలే. మా శాంపిళ్ళలో పలక, జిగురు రెండిట్లోనూ ఉన్నట్టు ల్యాబ్ తేల్చింది.

"మాస్కులేసుకుని రాత్రిపూట మనమే గీకేద్దాం రా, ఎవడు చూస్తాడు" అన్నాడు బావ. స్పీకర్లో మా అక్క వింటోందని ఆయనకి తెలీదు. "ఏవండీ, ఊపిరితిత్తులకి కూడా షీట్లో రేటు కట్టారా?" అంది. ఆ చర్చ అంతటితో ముగిసింది. లైసెన్సున్న కంపెనీవాళ్ళు వచ్చి ప్లాస్టిక్ తెరలు కట్టి, దుమ్ము బయటికి పోకుండా మెషీన్లు పెట్టి, పలకలు విరిగి లేచిపోయిన సగం హాలు శుభ్రం చేశారు. గట్టిగా, చెక్కు చెదరకుండా ఉన్న మిగతా సగాన్ని కదపకుండా దాని మీదే కొత్త నేల పరిచాం. అలా కప్పేయడం ఇక్కడ మామూలే, కాకపోతే కింద ఏముందో కాయితం మీద రాసి పెట్టుకోవాలి, రేపు ఎవరైనా డ్రిల్ చేస్తారు కదా.

మే

వెనక తలుపు తెరిచి పిన్‌సెట్టర్ల వరస వెంట నడిస్తే మా నాన్న పనిచేసిన రైస్ మిల్లే. బెల్టులు, పుల్లీలు, పైకి మోసుకెళ్ళే ఎలివేటర్, గ్రీజు వాసన, చెవులు గింగుర్లెత్తే చప్పుడు, ధాన్యం బదులు పిన్‌లు. ముందు కూర్చుని ఆడేవాళ్ళకి ఈ గది ఉందనే తెలీదు.

ఒకప్పుడు ఈ పనంతా కుర్రాళ్ళు చేసేవారు. లేన్ చివర గట్టు మీద కూర్చుని, బంతి తగలకుండా కాళ్ళు పైకి లాక్కుని, పడిన పిన్‌లని చేత్తో ఏరి నిలబెట్టేవారు. 1946లో బఫెలోలో జరిగిన జాతీయ టోర్నమెంటులో ఏఎంఎఫ్ కంపెనీ ఆటోమేటిక్ మెషీన్ చూపించింది, 1950ల మధ్యలో బ్రన్స్‌విక్ తన మెషీన్‌తో రంగంలోకి దిగింది. మావి ఆ కుటుంబంలోవే.

ఇది ఎలా పనిచేస్తుందంటే, బంతి పిన్‌లని పడగొట్టి వెనక వేలాడే మందపాటి పరుపుని గుద్దుకుంటుంది. వెంటనే ముందు రేక్ అనే అడ్డకమ్మీ దిగి లేన్‌కి అడ్డం పడుతుంది. పైనుంచి డెక్, అంటే పిన్‌లని పట్టి నిలబెట్టే చట్రం, దిగి, ఇంకా నిలబడి ఉన్న పిన్‌లని మెడ దగ్గర పట్టుకుని పైకెత్తుతుంది, రేక్ పడిపోయినవాటిని వెనక్కి ఊడ్చేస్తుంది, డెక్ మళ్ళీ దిగి పట్టుకున్నవాటిని ఎక్కడివక్కడ పెడుతుంది. పక్కకి జరిగి నిలబడ్డ పిన్‌ని ఆ జరిగిన చోటే పెట్టాలి, మధ్యకి లాక్కురాకూడదు. వెనక గుంటలో ఒక కార్పెట్ బెల్టు తిరుగుతూ పిన్‌లని పెద్ద చక్రంలోకి తోస్తుంది, చక్రం ఒక్కొక్కటిగా పైకి మోస్తుంది, పైన టరెట్ అనే గుండ్రటి బుట్టలో పది గూళ్ళూ నిండాక అన్నీ ఒకేసారి డెక్‌లోకి జారతాయి. బంతి మాత్రం పక్క తలుపులోంచి రెండు లేన్లకీ మధ్య కింద ఉన్న పట్టాల మీదికి వెళ్ళి, మనవైపు పైకి తేలుతుంది. ఇదంతా దాదాపు గేర్లు, క్యామ్‌లు, స్ప్రింగులతోనే.

పాత మెకానిక్ దొరకడం మా అదృష్టం. డెబ్బై దాటిన మనిషి, ఇదే సెంటర్లో ఏళ్ళ తరబడి పనిచేశాడు. మూతపడ్డాక ఇంట్లో కూర్చోలేక చుట్టుపక్కల సెంటర్లకి సాయం చేస్తూ తిరుగుతున్నాడట. ప్రతి మెషీన్ పక్కన గోడ మీద పెన్సిల్‌తో ఆయన చేతిరాత ఉంది, ఏ తేదీన ఏ బేరింగ్ మార్చాడో, ఏ స్ప్రింగ్ ఎన్ని చుట్లు బిగించాడో. గోడలకి రంగు వేయిద్దామని బావ అంటే ఆ గోడ ఒక్కటీ వదిలేయమన్నాను, అది మా సర్వీస్ మాన్యువల్. కరెంటు ఇచ్చాక ఆయన రెంచి పట్టుకోలేదు, చేతులు వెనక్కి కట్టుకుని వరస వెంట అటూ ఇటూ నడిచాడు. మూడో నంబరు బెల్టు జారుతోంది, ఏడు గేర్‌బాక్స్ పోయింది, పది బాగానే ఉంది కానీ అబద్ధం చెబుతోంది అన్నాడు. అదేమిటంటే, ఖాళీగా తిరిగితే బాగుంటుంది, పిన్‌లు పడితే టరెట్ దగ్గర ఇరుక్కుంటుంది. నిజంగానే ఇరుక్కుంది.

టైమింగ్ అంతా పీఎల్‌సీకి (మెషీన్లని నడిపే చిన్న కంప్యూటర్) మార్చేద్దాం, నా రోజూ పనే అదీ అన్నాను. ఆయన నవ్వలేదు కూడా. "పీఎల్‌సీ పాడైతే శుక్రవారం రాత్రి నిన్ను పిలవాలి, గేర్ పాడైతే నేను చాలు" అన్నాడు. ఒప్పుకోక తప్పలేదు.

స్ట్రింగ్ మెషీన్ల గురించి చాలామంది అడుగుతున్నారు. ప్రతి పిన్ తలకీ దారం కట్టి తోలుబొమ్మల్లా పైకి లాగేవి. కరెంటు తక్కువ, కదిలే భాగాలు తక్కువ, అనుభవమున్న మెకానిక్ అక్కర్లేదు. కొత్తగా మాల్‌లో పెట్టేవాళ్ళయితే నేనూ అవే తీసుకోమంటాను. 2023లో ఇక్కడ ఈ ఆటకి రూళ్ళు పెట్టే సంఘం యూఎస్‌బీసీ వాటిని గుర్తించింది కూడా, కాకపోతే వేరే విభాగంగా. ఎందుకంటే దారం ఉంటే పిన్ ఎగిరే తీరు మారుతుంది, వాళ్ళ పరీక్షల్లో సగటు స్కోరు గేముకి సుమారు పది పిన్‌లు తగ్గింది. లీగ్ ఆడేవాడి దగ్గర సగటులో పది పిన్‌లు లాక్కుని మళ్ళీ సెప్టెంబర్‌కి రమ్మంటే వస్తాడా? బావ షీట్లో స్ట్రింగ్ గెలిచింది, ఇద్దరం కూర్చుని లీగ్ కాలమ్‌లో సున్నా పెట్టి చూశాక ఆయనే ల్యాప్‌టాప్ మూసేశాడు. ఒహాయోలో మూసేస్తున్న సెంటర్ నుంచి విడిభాగాల కోసం పాత ఏ-2లు కొన్ని ట్రక్కులో తెచ్చుకున్నాం. వానకి తుప్పు పట్టిన ఒకటి, రెండు నంబర్ల మెషీన్లకి అవయవదానం వాటినుంచే.

జూన్

ఈ నెలంతా చెక్క పని. లేన్ అంటే ఒకే పలక కాదు, అంగుళం పైచిలుకు వెడల్పున్న 39 బోర్డులని నిలువుగా పేర్చి మేకులతో బిగించింది. ఫౌల్ లైన్ (ఆడేవాళ్ళు దాటకూడని గీత) నుంచి మొదటి పిన్ దాకా 60 అడుగులు, వెడల్పు మూడున్నర అడుగులకి కాస్త తక్కువ. బంతి వచ్చి పడే ముందు భాగం, పిన్‌లు నిలబడే చివరి భాగం గట్టి మేపుల్, బంతి దొర్లుకుంటూ పోయే మధ్య భాగం మెత్తటి పైన్. మొదటి రెండు లేన్లలో నల్లబడ్డవి మధ్య పైన్ బోర్డులే.

ఇప్పుడు చాలా సెంటర్లు పాత చెక్క మీద సింథటిక్ ప్యానెళ్ళు పరిచేస్తున్నాయి. మాకూ కొటేషన్ వచ్చింది, చూసి నీళ్ళు తాగాం. చెక్కనే బాగుచేద్దామనుకున్నాం కానీ దానికీ హద్దుంది. ఇసుక కాయితం మెషీన్‌తో పూర్తిగా చెక్కిన ప్రతిసారీ కొంత మందం పోతుంది, పోగా పోగా లోపలి మేకులు బయటపడతాయి, ఇక ఆ లేన్ పని అయిపోయినట్టే. లేన్లు చెక్కే పనివాళ్ళని పిలిపించి మందం కొలిపిస్తే ఇంకో చెక్కుడు తట్టుకుంటాయన్నారు. కానీ ఇప్పుడే వాడేసుకోవద్దని పది లేన్లకి పైపై గీకుడు, కొత్త పూత, పాడైన రెండిటికి మాత్రం బోర్డులు మార్చి పూర్తి చెక్కుడు.

పూత నీళ్ళతో చేసిన పాలీయురెథేన్. పాతరోజుల్లో లక్క లాంటి లాకర్ అనే పూత వేసేవారు, ఆరేటప్పుడు దాని ఆవిరి హాలంతా నిండేది, ఎక్కడో హీటర్ పైలట్ మంటో స్విచ్చు నిప్పురవ్వో తగిలితే బిల్డింగే పోయేది. ఈ దేశంలో బౌలింగ్ సెంటర్లు అలా కాలిపోయిన కథలు మెకానిక్ దగ్గర బోలెడున్నాయి. నీళ్ళ పూత అయినా సరే గ్యాస్ ఆపించి, అందరి సిగరెట్లూ బయట పెట్టించాడు.

పూత కంటే టెన్షన్ పెట్టింది మట్టం. యూఎస్‌బీసీ సర్టిఫికెట్ కావాలంటే లేన్ అడ్డంగా ఎక్కడ కొలిచినా ఎత్తుపల్లాలు అంగుళంలో వెయ్యింట 40 వంతులు మించకూడదు, అంటే ఒక మిల్లీమీటరు. సర్టిఫికెట్ లేకపోతే లీగ్ స్కోర్లు లెక్కలోకి రావు. మిగతావి పర్వాలేదు కానీ రెండో లేన్ ఒక చోట తేడాగా ఉంది. నేల కింద ఉన్న దూలాల దాకా పాకి, సన్నటి రేకు ముక్కలు దూర్చి, పైన ఒకరు గేజ్ చూసి అరుస్తుంటే కింద ఒకరు బిగించాలి. బావ కిందికి దూరాడు, సన్నగా ఉన్నది ఆయనే. మట్టి కొట్టుకుపోయి బయటికొచ్చి, "గ్యాస్ స్టేషన్లో ఈ గోల లేదురా" అన్నాడు, కానీ గేజ్‌లో అంకె సరిపోయాక ఫోటో తీసి అందరికీ పంపించింది కూడా ఆయనే.

జులై

ముందు హాలు, అంటే బావ సామ్రాజ్యం. ఆయన కోరికలు: రంగులు మారే లైట్లు, గోడ నిండా స్క్రీన్, వీడియో గేములు. నా వాదన, డబ్బు ముందు బంతి తగిలే చోట పెట్టాలి, తర్వాతే కన్ను పడే చోట. చివరికి లైట్లు వచ్చాయి, స్క్రీన్ రాలేదు. స్కోరింగ్ మాత్రం కొత్తది తీసుకున్నాం, పైన కెమెరా పిన్‌లు లెక్కపెట్టి టీవీలో చూపించేది. పాతవి ఇంకా పనిచేస్తాయేమో కానీ లీగ్ సెక్రటరీకి వారం వారం స్టాండింగ్స్ (ఏ టీము ఏ స్థానంలో ఉందో) ఫైలు ఇవ్వలేవు, దానికోసమే మార్చాం. ఇది బావకి పార్టీల ఖాతాలోనూ నచ్చింది, అరుదైన ఏకాభిప్రాయం.

పాత సెంటర్లలో కూర్చునే చోటు నుంచి లేన్ మీదికి మెట్టు ఎక్కాలి. చక్రాల కుర్చీలో వచ్చేవాళ్ళకి అది గోడతో సమానం. వికలాంగుల కోసం ఇక్కడున్న చట్టం ఏడీఏ లెక్క ప్రకారం లేన్లలో ఐదు శాతానికి, కనీసం ఒకదానికి, మెట్టు లేని దారి ఉండాలి. మాకు ఒకటి చాలు, కానీ లేన్లు జతలుగా ఆడతారు కదా, పదకొండు పన్నెండు రెండిటికీ కలిపి ర్యాంప్ వేశాం.

వంటగదిలో ఫ్రయర్ మీద పొగ లాగే హుడ్, దానికి మంటలార్పే సిస్టమ్ కొత్తగా పెట్టించాల్సి వచ్చింది. ఇంత ఖర్చు పెట్టి ఫ్రెంచ్ ఫ్రైస్ మాత్రమే వేయించడం అన్యాయమని మా ఆవిడ అభిప్రాయం, మిరపకాయ బజ్జీలు మెనూలో పెట్టాలట. పెడుతున్నాం. పేరు మాత్రం స్టఫ్డ్ పెప్పర్ అని రాద్దామన్నాడు బావ, నేను ఒప్పుకోలేదు, బజ్జీని బజ్జీ అనే రాస్తాం.

బీరు కథ ఇంకా తేలలేదు. ఇక్కడ బార్‌కి కావాల్సింది క్లాస్ సి లైసెన్సు, జనాభాలో 1,500 మందికి ఒకటి చొప్పున కోటా, అందుకే కొత్తది దొరకడం కష్టం, పాతదే బిల్డింగుతో పాటు కొని మన పేరు మీదికి మార్పించుకోవాలి. కాయితాలు పెట్టాం, వేలిముద్రలు, డబ్బు ఎక్కణ్ణుంచి వచ్చిందో లెక్కలు అన్నీ ఇచ్చాం. తెరిచే నాటికి వస్తుందని పంతం పట్టలేం. బీరు లేని లీగ్ రాత్రి ఈ ఊళ్ళో ఎవరూ చూడలేదని మెకానిక్ ధైర్యం చెప్పాడు, అది ధైర్యమేనని అనుకుంటున్నా.

ఆగస్టు

లేన్ ఆయిల్ మెషీన్ వచ్చింది. తెలియనివాళ్ళకి, లేన్ మీద మెరిసేది పాలిష్ కాదు, చాలా పల్చటి నూనె పొర. మొదట్లో చెక్క అరిగిపోకుండా వేసేవారు, తర్వాత ఆటే దాని చుట్టూ తిరగడం మొదలైంది. మామూలు లీగ్ రాత్రికి వేసే పద్ధతిలో సుమారు 40 అడుగుల దాకా వేస్తారు, మధ్యలో ఎక్కువ, అంచుల్లో తక్కువ. మధ్యకి విసిరిన బంతి జారుతుంది, పక్కకి పోయిన బంతి పొడి చెక్కని పట్టుకుని లోపలికి తిరుగుతుంది, అంటే కొంచెం తప్పు విసిరినా క్షమించేలా. అయిపోయాక రెండు లేన్ల మధ్య తేడా లేకుండా ఉండాలి. లీగ్ వాళ్ళు ఒక గేమంతా లేన్లు మారుతూ ఆడతారు కాబట్టి ఎడమది జారి కుడిది పట్టుకుంటే ఆ రాత్రే ఫోన్లొస్తాయి.

పరీక్షకి చుట్టుపక్కల హైస్కూలు పిల్లల్ని పిలిచాం. మిషిగన్‌లో బౌలింగ్ స్కూలు క్రీడ, చలికాలంలో అబ్బాయిలకీ అమ్మాయిలకీ వేరువేరు టీములు. వాళ్ళ కోచ్‌కి బడి అయ్యాక ప్రాక్టీసుకి తక్కువ రేటుకి లేన్లు ఇస్తామన్నాం, ఎలాగూ ఆ వేళ ఖాళీయే, పైగా వీళ్ళలో కొందరైనా పదేళ్ళ తర్వాత లీగ్ టీములు అవుతారు. పన్నెండు లేన్లూ ఒకేసారి నిండితే మెషీన్లు తట్టుకుంటాయా అనేదే అసలు సందేహం. మెకానిక్ వెనక కాఫీ పట్టుకుని కూర్చున్నాడు. పది మళ్ళీ ఇరుక్కుంది, ఏడు కొత్త గేర్‌బాక్స్‌తో చక్కగా తిరిగింది, నాలుగులో ఒక పిన్ పడుకునే డెక్‌లోకి వచ్చింది. పదికి టరెట్ స్ప్రింగ్ మార్చాక సాయంత్రం దాకా ఆగలేదు. ఇన్‌స్పెక్షన్ కూడా అయిపోయింది, రెండో లేన్‌తో సహా అన్నీ పాసయ్యాయి.

లీగ్ పట్టీ ఇప్పటికి ఇలా ఉంది. సోమవారం పగలు రిటైరైన ప్లాంటు ఉద్యోగులది, ఎనిమిది టీములు, పాత సెంటర్లో ఆడినవాళ్ళే తిరిగొచ్చారు, తమ లాకర్ నంబర్లు తమకే కావాలని ఒకటే షరతు. బుధవారం మగవాళ్ళ లీగ్ నిండింది. గురువారం జంటల లీగ్‌కి ఇంకా నాలుగు టీములు తక్కువ. మంగళవారం మన తెలుగువాళ్ళది, కాంటన్, నోవై అనే శివారు ఊళ్ళ నుంచి వస్తామన్నారు, ఆరు టీములు, సగం మందికి బంతి ఎలా పట్టుకోవాలో తెలీదు, అందుకే మొదటి రెండు వారాలు మెకానిక్ నేర్పిస్తానన్నాడు, జీతం బదులు బజ్జీలు చాలట. సగటు తక్కువున్నవాళ్ళకి స్కోరులో కొంత కలిపే హ్యాండిక్యాప్ పద్ధతి ఉంది కాబట్టి సగటు 90 ఉన్నవాడు 190 వాడితో కూడా ఆడొచ్చు, ఇది చెప్పాక ఇంకో రెండు టీముల ఆశ కనబడుతోంది. శుక్ర, శనివారాలు బావవి, పార్టీల బుకింగులు అక్టోబర్ దాకా బాగానే ఉన్నాయి, ఆయన్ని తక్కువ చేయడానికేం లేదు.

మిగిలిన పనులు: షూలలో కొట్టే స్ప్రే రావాలి, పిల్లల సైజులు తక్కువపడ్డాయి, ఆర్డర్ పెట్టాం. పార్కింగ్‌లో గీతలు శనివారం గీస్తారు. బీరు లైసెన్సు ఫైలు పరిశీలనలోనే ఉంది. గురువారం జంటల లీగ్‌లో చేరాలనుకునే డౌన్‌రివర్ వాళ్ళుంటే లేబర్ డే ముందు ఆదివారం దాకా పేర్లు తీసుకుంటాం, టీము లేకపోయినా పర్వాలేదు, జత మేమే కలుపుతాం.